గంజి పళ్ళెం ఎటు నడిచింది

పడాంగ్ పంజాంగ్ అనే కొండ ఊళ్ళో వాన రోజూ పడుతుంది, రోస్మావర్ నోరు రోజూ లేస్తుంది. ఈ రెంట్లో ఏది ఆగినా ఊరికి ఏదో మూడిందనే అనుకుంటారు. బస్టాండు ఎదురుగా పచ్చరేకుల కప్పు కింద ఉన్న అన్నం కొట్టు ఆవిడదే. అంతకు ముందు వాళ్ళమ్మది, ఇంకా ముందు అమ్మమ్మది. అక్కడ ఇళ్ళూ పొలాలూ పొయ్యిలూ అన్నీ ఆడవాళ్ళ వెంటే పోతాయి.

పొద్దున ఆరింటికి పొయ్యిలు అంటుకుంటాయి. మూకుళ్ళలో కొబ్బరిపాలు కుతకుతమంటుంటాయి, పెద్ద రాతి మీద ఎర్ర మిరపకాయలు నలుగుతుంటాయి, ఆ ఘాటుకి బస్టాండులో నిద్రపోతున్న కండక్టర్లు తుమ్ముకుంటూ లేస్తారు. పదకొండయ్యేసరికి పదహారు కూరలు అద్దాల బీరువా ఎక్కుతాయి. మనిషి వచ్చి కూర్చోగానే వడ్డించే శాఫ్రి మణికట్టు దగ్గర్నుంచి భుజం దాకా పదహారు పళ్ళాలు పేర్చుకుని వచ్చి అన్నీ బల్ల మీద పరుస్తాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క చుక్క పులుసు ఒలికించలేదని అతగాడికి మహా గర్వం. ఏం కావాలని అడగడం ఆ వైపు మర్యాద కాదు. ఉన్నవన్నీ పెట్టాలి. తాకితే నీది, తాకకపోతే కొట్టుది.

బల్ల మీద పెట్టాక ఇంక శాఫ్రికి పని లేదు. రోస్మావర్ కొట్టులో పళ్ళాలు వాటంతటవే నడుస్తాయి. ఏ కూర మీద ఎవరికి ఎక్కువ ఆశ ఉంటే ఆ పళ్ళెం మెల్లగా జరిగి వాళ్ళ చేతి దగ్గర ఆగుతుంది. నలుగురు లారీ డ్రైవర్లు కూర్చుంటే, కొబ్బరిపాలలో ఇగిర్చిన రెందాంగ్ మాంసం పళ్ళేనికి ఎటు పోవాలో తెలీక మధ్యలో గిర్రున తిరుగుతుంది. కొత్త అల్లుడు అత్తగారి ముందు మొహమాటపడి వద్దు వద్దంటుంటే కార్జం వేపుడు వచ్చి వాడి వేళ్ళకి తగులుతుంది. ఎవరూ నోరు తెరిచి చూడరు. వేరే కొట్లలో ఫ్యాన్లు తిరుగుతాయి, ఇక్కడ పళ్ళాలు నడుస్తాయి, అంతే. ఒకటే పట్టింపు: నడిచి వచ్చిన పళ్ళేన్ని వెనక్కి తోయకూడదు.

వంటగదికి ఇంకో పట్టింపు ఉంది. వండిన మనిషి ప్రతి కూరా రుచి చూశాకే అది బయటికెళ్ళాలి. పొద్దున పది గంటలకి రోస్మావర్ కొబ్బరిచిప్ప గరిటె పట్టుకుని మూకుడు మూకుడుకీ తిరుగుతుంది. గరిటె పెదాలకి తగిలించి, చప్పరించి, తలముసుగు కొసతో మూతి తుడుచుకుని, "ఉప్పు చాల్లేదు," అనో "పసుపు పచ్చివాసన," అనో తీర్పు చెబుతుంది. ఆ ముసుగు కొస ఎన్నిసార్లు ఉతికినా ఎర్రగానే ఉంటుంది. ఆవిడ వెనకాలే చెల్లెలి కూతురు దార్నెలిస్, అందరికీ నెలిస్. తల్లి పోయాక పెద్దమ్మ చేతిలోనే పెరిగింది. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి. ఉపవాస నెలకి ముందొచ్చే ఆదివారం ఆ గరిటె ఆమె చేతికి వస్తుందని ఊరంతటికీ తెలుసు.

సరిగ్గా మూడు వారాలుందనగా నెలిస్‌కి జబ్బు తిరగబెట్టింది.

పెద్దపేగు వాపు. రెండేళ్ళ కిందటే డాక్టరమ్మ హనీఫా చెప్పింది: ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, నిద్రపోతుంది, మళ్ళీ లేస్తుంది, లేచినప్పుడు నువ్వు తెలివిగా ఉండాలి అని. ఇప్పుడు లేచింది. పొద్దుటి నుంచి ఐదోసారి మరుగుదొడ్లోంచి వచ్చి, చేతులు కడుక్కుని, నెలిస్ గోడకానుకుని ఒక్క నిమిషం నిలబడింది. నెత్తురు చూస్తే ఎవరికైనా భయమేస్తుంది, ఆమెకీ వేసింది. కానీ భయపడుతూ కూర్చునే రకం కాదు. మాత్ర వేసుకుంది. పై అరలో ఏ పువ్వూ గీతా లేకుండా, అంచు కాస్త పెచ్చూడి, ఎన్నడూ బీరువా ఎక్కని తెల్ల పళ్ళెం ఒకటుంటే దించి కడిగింది. మెత్తగా జారేలా ఉడికిన గంజన్నం అందులో పోసుకుంది.

"ఏమే, అదెవరికి? పిల్లికా?" అంది రోస్మావర్.

"నాకే పెద్దమ్మా. పిల్లయితే చేప తలకాయ అడిగేది."

"మళ్ళీ మొదలైందా?" రోస్మావర్ నూరడం ఆపింది. "కారం లేకుండా గంజి తాగితే ఒంట్లోకి సత్తువ ఎలా వస్తుంది? ఇంకేం తినమంది మీ డాక్టరు? గాలా?"

నెలిస్ వేళ్ళు మడిచింది. "బోలెడన్ని. మెత్తటి తెల్లన్నం. ఆవిరి మీద ఉడికించిన చేప, తోలూ ముల్లూ తీసేసి. ఉడకేసిన గుడ్డు. చెక్కు తీసిన క్యారెట్టూ, గింజలు తీసిన గుమ్మడికాయా, వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించి. మెత్తటి సోయా ముద్ద. ఒకేసారి కడుపు నిండా కాదు, కొంచెం కొంచెం, రోజుకి ఆరుసార్లు."

"కర్రపెండలం ఆకు?"

"పీచు. పుండు మీద చీపురు పెట్టి ఊడ్చినట్టే."

"పనసకాయ కూర?"

"అదీ అంతే. వేపుళ్ళూ వద్దు, కాఫీ వద్దు."

"కొబ్బరిపాలు కూడానా? పల్చగా, రెండోసారి పిండినవి?"

"జిడ్డు పెద్దమ్మా. నాకు అస్సలు పడట్లేదు. ఈ మంట చల్లారేదాకే లే, జన్మంతా కాదు. తగ్గాక ఒక్కొక్కటే తిని చూసుకోమంది. ఒకరికి పడింది ఇంకొకరికి పడదట, రాసుకోమంది. మందులు మాత్రం మానొద్దంది."

"అరటిపండు? బాగా పండిందా, దోరదా?"

"ఎగతాళి చెయ్యకు."

"ఎగతాళి ఎవరు చేశారే!" అని రోస్మావర్ మూతి తిప్పుకుని మళ్ళీ మిరపకాయల మీద పడింది. బాగా పండిందే తినాలని నెలిస్ తర్వాత తనే చెప్పింది.

కబురు దాతుక్ మామయ్యకి చేరింది. రోస్మావర్ తమ్ముడు, వంశానికి పెద్ద, నలుగురిలో పెద్దమనిషి. అక్క ముందు మాత్రం ఇప్పటికీ పలక పట్టుకున్న పిల్లాడే. మోటారు సైకిలు మీద వానలో తడుస్తూ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. కారం మెత్తిన ఎండుమాంసం అతన్ని చూడగానే పరిగెత్తుకొచ్చింది.

"నెలిస్, నీ మీద కోపం కాదమ్మా," అన్నాడు నములుతూ. "కానీ రుచి చూడలేని మనిషి వంటమనిషెలా అవుతుంది? ఇవాళ కారం వద్దు, రేపు కొబ్బరిపాలు వద్దు. పక్క ఊరు బుకిట్టింగిలో ఒకడున్నాడు, మంచి వంటవాడు. గరిటె వాడికిస్తే నువ్వు గల్లా దగ్గర హాయిగా కూర్చోవచ్చు."

ఆ పొయ్యి మూడు తరాలుగా ఆ ఇంటి ఆడవాళ్ళ చేయి దాటలేదు. నెలిస్‌కి కడుపులో నొప్పికంటే ఆ మాటే ఎక్కువ నొప్పెట్టింది. గల్లా దగ్గర బొమ్మలా కూర్చోడానికా ఇన్నేళ్ళు ఈ పొగలో నిలబడింది!

"ఆ ఆదివారం దాకా ఆగు మామయ్యా," అంది. "నాలుకకి సెలవిచ్చాను. ముక్కుంది, చెవులున్నాయి, కళ్ళున్నాయి. ఆ రోజు వచ్చి తిను. కూరలో వంక కనిపిస్తే నీ వంటవాణ్ణి నేనే వెళ్ళి పిలుచుకొస్తాను."

"నువ్వేమంటావక్కా?"

"రుచి చూడాలి. అది ఈ ఇంటి పద్ధతి," అంది రోస్మావర్, ముసుగు సర్దుకుంటూ.

మర్నాటి నుంచి మూకుళ్ళన్నీ నెలిసే చూసుకుంది, ఆమె పద్ధతే వేరు. రెందాంగ్ నూనె తేలేటప్పుడు చేసే చిటపట చప్పుడుని చెవి ఒగ్గి వినేది. నిమ్మగడ్డి ఎప్పుడు పచ్చివాసన వదిలిందో ముక్కుతో పట్టేది.

"నాలుక మీద పెట్టుకుని ఉమ్మేయొచ్చుగా చెల్లెమ్మా," అన్నాడు శాఫ్రి.

"వంటింట్లో కూర ఉమ్మితే పెద్దమ్మ నన్ను బయటికి ఉమ్మేస్తుంది అన్నయ్యా."

ఆ వారంలోనే ఆమెకి ఒక సంగతి పట్టుబడింది. పళ్ళాల నడక. ఉప్పు సరిపోయిన కూర నున్నగా జారుకుంటూ పోతుంది. ఉప్పు తగ్గితే రెండడుగులేసి ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. పులుపు ఎక్కువైతే పక్కకి లాగుతుంది. పుట్టినప్పటి నుంచీ కళ్ళముందే నడుస్తున్నవాటిని ఎవరూ ఇలా చూడలేదు.

"అన్నయ్యా, పనసకాయ కుంటుతోంది. ఉప్పు పడాలి," అంది ఒక మధ్యాహ్నం, వంటింటి గుమ్మంలోంచి.

శాఫ్రి రుచి చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "నిజమే తల్లీ!"

"ఇదివరకు పదింటికి తెలిసేది, ఇప్పుడు పదకొండుకి తెలుస్తోంది. గంట ఆలస్యం, అంతేగా," అని నవ్వింది నెలిస్.

వచ్చిన చిక్కల్లా తన తిండి దగ్గరే. మొదట రెండు రోజులు నీళ్ళ కుండ పక్కన నిలబడి గబగబా తాగేసేది. బల్ల దగ్గర కూర్చుంటే రెందాంగ్ ఊరుకోదు మరి. మూడో రోజు, 'నా ఇంట్లో నేను దొంగలా నిలబడి తినడమేమిటి?' అనుకుని వెళ్ళి కూర్చుంది. కూర్చుందో లేదో రెందాంగ్ వచ్చి ఎడమ మోచేతికి ఒరుసుకుంది, పచ్చిమిరప ముద్ద వచ్చి కుడి చేతికి తగులుకుంది. నోట్లో నీళ్ళు ఊరిపోయాయి. తెల్ల పళ్ళెం మాత్రం శాఫ్రి పెట్టిన చోటే బండరాయిలా ఉండిపోయింది. దాని మీద ఆమెకి ఆశ ఉంటేగా కదలడానికి!

"తోయకూడదన్నారు గానీ తినాలని ఎవరూ అనలేదు," అని రెందాంగ్‌కి గట్టిగా చెప్పి, చేయి చాచి తెల్ల పళ్ళేన్ని తనే లాక్కుంది. ప్రతి పూటా అలాగే. కూరలు పక్కన కూర్చుని అలిగేవి, ఆమె తినేసి లేచిపోయేది. ఐదుసార్లు మూడుసార్లయింది. నెత్తురు చారలు తగ్గాయి. ఏం తిన్నదీ, తర్వాత ఏమైనదీ క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకునేది.

పదో రోజు గంజి తెల్లగా, నున్నగా, కమ్మగా ఉంది. ఆకలి మీదుందేమో, చూసుకోకుండా తాగేసింది. సాయంత్రానికి మెలిపెట్టే నొప్పి. మర్నాడు ఎనిమిదిసార్లు వెళ్ళింది, నెత్తురు మళ్ళీ చిక్కగా పడింది. డాక్టరమ్మకి ఫోను చేస్తే వెంటనే రమ్మంది, మందు పెంచింది, ఇంకా ముదిరితే ఆసుపత్రిలో చేరాల్సిందేనంది.

ఇంటికొచ్చేసరికి రోస్మావర్ గుమ్మంలో ఉంది. "నేనే పోశానే," అంది. "రెండు గరిటెలు. పల్చటి పాలే. నీళ్ళ గంజి శత్రువుకైనా పోస్తారా? బిడ్డ ఎండిపోతోందని..."

నెలిస్‌కి ఒళ్ళు మండిపోయింది. "నా పళ్ళెంలో చెయ్యి పెట్టకు పెద్దమ్మా! నీకు ప్రేమే, నాకు తెలుసు. ఆ ప్రేమతోనే చంపేస్తావు నన్ను. ఇంకో పది రోజులే ఉంది. ఈసారి పడుకుంటే గరిటె పోతుంది, తెలుసా?"

ఇలాంటి మాటకి రోస్మావర్ వీధి దద్దరిల్లేలా బదులివ్వాలి. ఇవ్వలేదు. స్తంభానికి ఆనుకుని, "అయితే కొబ్బరిపాలేనన్నమాట," అని తనలో తను అనుకున్నట్టు అంది, లోపలికెళ్ళిపోయింది. ఆ రోజు కొట్టులో తిట్లు వినపడకపోయేసరికి వచ్చినవాళ్ళంతా శాఫ్రిని చాటుగా పిలిచి, అమ్మగారికి ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు.

నెలిస్ మళ్ళీ మొదటికొచ్చింది. విసుక్కోలేదు. గంజి తనే కాచుకుంది, మూత మీద చెయ్యేసుకుని కూర్చుంది. రెండు రోజులకి చేప ముక్క కలిపింది, మూడో రోజు గుమ్మడికాయ. పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని, అలవాటుగా తెల్ల పళ్ళెం కోసం చేయి చాచబోయి ఆగిపోయింది. పళ్ళెం బొటనవేలంత జరిగింది. ఆగింది. ఇంకో బొటనవేలంత. నడక చేతకాని పసిబిడ్డలా తడబడుతూ వచ్చి ఆమె చేతి దగ్గర నిలబడింది. నెలిస్‌కి ఏడుపొచ్చేసింది. ముసుగు కొసతో కళ్ళు తుడుచుకుని తినేసింది. ఆ రోజు ఒక్కసారే వెళ్ళింది, నెత్తురు లేదు.

ఆదివారం వచ్చింది. దాతుక్ మామయ్య నల్ల టోపీ పెట్టుకుని, వంశంలో ఇంకో నలుగురు పెద్దల్ని వెంటేసుకుని దిగాడు. బయట వాన. పొడుగు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. రోస్మావర్ ఒక చివర, కొబ్బరిచిప్ప గరిటె పక్కన పెట్టుకుని. నెలిస్ రెండో చివర. శాఫ్రి పదహారు పళ్ళాలూ పరిచాడు, ఆఖర్న తెల్ల పళ్ళెం తెచ్చి నెలిస్ ముందు పెట్టాడు. గంజన్నం, మెదిపిన గుమ్మడికాయ, ఆవిరి చేప, పక్కన ఒక అరటిపండు.

కూరలు కదిలాయి. ఒక్కటీ కుంటలేదు, ఒక్కటీ పక్కకి లాగలేదు. రెందాంగ్ పెద్దల మధ్య గిరగిర తిరిగింది. దాతుక్ మామయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంకో ముక్క పెట్టుకున్నాడు. మూడోది కూడా అయ్యాక గానీ మాట రాలేదు.

"కూరకి వంక పెట్టను," అన్నాడు. "అమ్మ చేతి కూరలాగే ఉంది. కానీ పద్ధతి పద్ధతే కదమ్మా. రేపు మళ్ళీ జబ్బు లేస్తే? రుచి చూడని చేతికి గరిటె ఎలా ఇవ్వమంటావు? అక్కా, నువ్వే చెప్పు. నలభై ఏళ్ళలో రుచి చూడకుండా ఒక్క కూరైనా బయటికి పంపావా?"

రోస్మావర్ నోరు తెరిచింది. అప్పుడే తెల్ల పళ్ళెం కదిలింది.

నెలిస్ చెయ్యి దానికి జానెడు దూరంలోనే ఉంది. పళ్ళెం ఆ చేతి వైపు కాస్త జరిగింది, సెలవడిగినట్టు ఆగింది, తిరిగింది. రెందాంగ్‌ని దాటింది. పనసకాయని దాటింది. ఎండుమాంసం అడ్డొస్తే పక్కనుంచి చుట్టుకుని వెళ్ళింది. ఇప్పుడు దాని నడకలో తడబాటు లేదు. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, పెద్దలందరి ముందునుంచీ నున్నగా జారుకుంటూ వెళ్ళి రోస్మావర్ చేతి దగ్గర ఆగింది.

రోస్మావర్ పళ్ళేన్ని చూసింది. దాని వెనకాల పేరుకున్న పదహారు ఎర్రటి కూరల్ని చూసింది. నడిచి వచ్చిన పళ్ళేన్ని తోయకూడదు. వేళ్ళు గంజన్నంలో పెట్టింది. తాకింది, అంటే ఇంక ఆవిడదే.

తిన్నది. ఆవురావురుమని తిన్నది. ఎన్నాళ్ళ ఆకలో! గుమ్మడికాయ తిన్నది, చేప తిన్నది, బాగా పండిన అరటిపండు ఒలుచుకుని తిన్నది. ముసుగు కొసతో మూతి తుడుచుకుంది. ఆ ఎర్రటి గుడ్డ వైపే నెలిస్ చూస్తూ ఉండిపోయింది. గరిటె పెదాలకి తగలడం, చప్పరింపు, వెంటనే ముసుగు కొస. రోజుకి పదహారుసార్లు. ఒక్క చుక్కా గొంతు దిగలేదన్నమాట. ఆ పల్చటి పాలూ, అరటిపండు పండిందా దోరదా అన్న ప్రశ్నా, ఏదీ ఎగతాళి కాదు.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా?" అంది మెల్లగా.

"నాలుగేళ్ళు." రోస్మావర్ తమ్ముడి వైపు తిరిగింది. "నాలుగేళ్ళ నుంచి నువ్వు లొట్టలేసుకుని తిన్న రెందాంగ్ ఏదీ నేను రుచి చూసింది కాదురా. పెదాలకి రాసుకుని తుడుచుకున్నాను. చెబితే గరిటె లాక్కుంటారని భయం."

దాతుక్ మామయ్య చేతిలో ముక్క గాలిలోనే ఉండిపోయింది. ఏదో అనబోయి, అక్క మొహం చూసి, ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

రోస్మావర్ గరిటె తీసి బల్ల మీద పెట్టింది. గరిటెలు నడవవు కాబట్టి చేతులు మారుతూ రావలసిందే. ఐదుగురు పెద్దలూ ఒకరి తర్వాత ఒకరు అందుకుని నెలిస్ దాకా చేర్చారు. ఆఖర్న ఇచ్చింది దాతుక్ మామయ్యే.

"నీ డాక్టరు ఏ రోజు ఉంటుందే?" అంది రోస్మావర్, అరటితొక్క మడుస్తూ.

"మంగళవారం."

"దారిలో బస్సు ఆపాల్సొస్తే?"

"ఆపుతాడు. ఆపకపోతే నువ్వున్నావుగా, నాలుగు తిట్టడానికి."

మంగళవారం వెళ్ళారు. గొట్టం వేసి చూసి, ఏవో పరీక్షలకి పంపి, డాక్టరమ్మ రోస్మావర్‌ని కళ్ళద్దాల మీంచి చాలాసేపు చూసింది. అదే జబ్బు, ఇంకా పెద్దదై కూర్చుందని చెప్పింది. ఇంకో రెండు నెలలు దాచుకుని ఉంటే పేగు కోసి తీసెయ్యడం తప్ప దారుండేది కాదట. ఇప్పుడైతే మందులకి లొంగుతుందట. రోస్మావర్ తలూపింది, మాత్రల పొట్లం ముసుగులో కట్టుకుంది.

తిరుగు బస్సులో చాలా దూరం ఏమీ మాట్లాడలేదు. అనాయ్ లోయ మలుపుల దగ్గర వాన మొదలైంది. డ్రైవరు ఒక గుంటలో దబీమని దించాడు.

"ఒరేయ్, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా? లోపల మనుషులున్నారు, మూటలు కాదు!" రోస్మావర్ గొంతు బస్సు చివరి దాకా వినపడింది.

నెలిస్ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. మర్నాడు పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగించి, పై అరలో వెతికి, రెండో తెల్ల పళ్ళెం దించింది.